చింతపిక్కలు, తాటిచెట్లు, మా చిన్న మాస్టారు

మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఆకుపచ్చ రంగు ఇనప ట్రంకు పెట్టె ఒకటి ఉండేది. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం కింద ఊరూరి బడులకూ సామగ్రి వచ్చినట్టే మాకూ వచ్చింది. అందులో గ్లోబు ఉందని, లెక్కల కిట్టు, సైన్సు కిట్టు ఉన్నాయని విన్నాం. విన్నాం, అంతే. వస్తువు పగిలితే జీతంలోంచి కోస్తారన్న భయం పెద్ద మాస్టారిది. అందుకని దానికి తాళం వేసి, తాళంచెవి ఇంట్లో దాచారు. ఆగస్టు పదిహేనున ఆ పెట్టె మీదే దుప్పటి పరిచి, గాంధీ గారి పటం నిలబెట్టి దండ వేసేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఆ తాళానికి నేను రుణపడి ఉన్నాననిపిస్తుంది. పెట్టె తెరిచి ఉంటే చిన్న మాస్టారు చింతపిక్కల జోలికి వచ్చేవారు కాదేమో!

శ్రీకాకుళం జిల్లాలో, పొందూరుకు నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉంటుంది మా ఊరు. సంగతి 1990ల మొదట్లోది. అయిదు తరగతులు, రెండు గదులు, ఒక వరండా, ఇద్దరు మాస్టార్లు. ఒకటి, రెండు, మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి ముగ్గురికీ మూడు పాఠాలు చెప్పాలి. ఆ పని చిన్న మాస్టారి మీద పడింది. ఆయన ఆమదాలవలస వైపు నుంచి సైకిలు మీద వచ్చేవారు. క్యారియర్‌కు ఎప్పుడూ ఒక గోనెసంచి కట్టి ఉండేది. దారిలో ఏది కనబడితే అది అందులో పడేది.

ఆ రోజుల్లో ఉపాధ్యాయులకు ఏపీపెప్ శిక్షణ జోరుగా సాగుతోంది. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం అన్నమాట. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1984లో కొన్ని బడుల్లో ప్రయోగంగా మొదలై, తర్వాత రాష్ట్రమంతా విస్తరించింది. దానికి ఆరు సూత్రాలు. ఉపాధ్యాయుడే కృత్యాలు తయారుచేసుకోవాలి. పిల్లలు చేసి, చూసి, కనుక్కుని నేర్చుకోవాలి. ఒంటరిగా, జట్టుగా, తరగతి మొత్తంగా పనిచేయాలి. పిల్లల మధ్య ఉండే తేడాలను పట్టించుకోవాలి. పరిసరాలను వాడుకోవాలి. పిల్లలు చేసినవాటిని గదిలో ప్రదర్శించాలి. ఈ ఆరింటిలో చాలా బడులు గట్టిగా పట్టుకున్నది ఆఖరిదాన్నే. రంగు కాగితాల తోరణాలు కట్టి, తనిఖీ అయ్యాక విప్పి మడతపెట్టి బీరువాలో దాచేవారు. మా చిన్న మాస్టారు మాత్రం అయిదోదానితో మొదలుపెట్టారు.

ఎండలు ముదిరే రోజుల్లో మా వైపు ప్రతి ఇంటి అరుగు మీదా చింతపండు కొడతారు. పిక్కలు వేరుచేసి, ఈనెలు తీసి, ఉప్పు కలిపి కుండలకు ఎత్తుతారు. మిగిలిన పిక్కలు పిల్లల ఆస్తి. వామనగుంటలకు కొన్ని, అష్టాచెమ్మాకు అరగదీసిన కొన్ని. ఆ ఆస్తి బడికి తెమ్మన్నారు మాస్టారు. మొదట ఎవరూ నమ్మలేదు. పిక్కలు బడిలో దొరికితే పెద్ద మాస్టారు కిటికీలోంచి పారేసేవారు మరి.

కొబ్బరి చిప్పకు పది చొప్పున లెక్కపెట్టి పోయడం, పది చిప్పలైతే ఒక చేటలోకి ఎత్తడం. ఒకట్లు, పదులు, వందలు అలా వచ్చాయి. అది బాగానే ఉంది కానీ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నది ఇంకొకటి. నలుగురు పిల్లలను కూర్చోబెట్టి ముప్పై పిక్కలు ఇచ్చారు. "సమంగా పంచుకోండి" అన్నారు, అంతే. తలా ఏడు వచ్చాయి, రెండు మిగిలాయి. ఆ రెండింటి కోసం కొట్లాట మొదలైంది. ఒకడు "నేను పెద్దవాణ్ణి" అన్నాడు. ఇంకొకడు "పిక్కలు తెచ్చింది నేను" అన్నాడు. మాస్టారు గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డారు. తీర్పు చెప్పలేదు. మా జట్టులో పొందూరు ఖాదీ వడికే ఇంటి పిల్ల ఒకతి ఉండేది, మాట తక్కువ. ఆ పిల్ల లేచి వెళ్లి వరండా గట్టు మీద ఒక పిక్కను నిలబెట్టి, రాయితో అంచు మీద మెల్లగా కొట్టింది. పిక్క రెండు బద్దలైంది. రెండోదాన్నీ అలాగే కొట్టింది. నాలుగు బద్దలు, నలుగురు మనుషులు. "ఇప్పుడు నీ దగ్గర ఎన్ని?" అని అడిగారు మాస్టారు. "ఏడూ, సగం" అంది. ఆయన ఆ రోజు దాన్ని భిన్నం అనలేదు. బోర్డు మీద ఏడు పిక్కలు, ఒక బద్ద బొమ్మ వేసి గంట కొట్టించారు. పేరు కొన్నాళ్లకు వచ్చింది. అప్పటికి మాకు వస్తువు తెలుసు కాబట్టి పేరు బరువనిపించలేదు.

చేతిపని చేయించే మాస్టార్లను తర్వాత చాలామందిని చూశాను. కాగితం పడవలు, మట్టి వినాయకుళ్లు, ఆకుల అతుకుడు. అవన్నీ ముచ్చటగానే ఉంటాయి. కానీ ఆ పని చివర ఒక ప్రశ్న లేకపోతే అది అలంకారమే. చిన్న మాస్టారి గొప్పతనం గోనెసంచిలో లేదు. అడగాల్సింది అడిగేసి, ఆ తర్వాత నోరు మూసుకుని నిలబడడంలో ఉంది. టీచరుకు అన్నిటికన్నా కష్టమైన పని అదే, నా దృష్టిలో.

ఆ వడికే ఇంటి పిల్ల గురించి ఇంకొంచెం చెప్పాలి. పొందూరు సన్నఖాదీకి పత్తిని శుభ్రం చేసేది వాలుగ చేప దవడతో. ఎండిన ఆ దవడ ఎముక మీద దువ్వెన పళ్ల కంటే సన్నటి పళ్లు వరసగా ఉంటాయి. గింజ చుట్టూ ఉన్న దూదిని దానితో దువ్వుతుంటే పోగు పోగూ ఒక వైపుకు తిరుగుతుంది. వాళ్లమ్మను బతిమాలి ఒక పాత దవడను బడికి తెచ్చింది. పిల్లలందరం వేలి కొసతో దాన్ని తడిమాం. ఒక వైపు రాస్తే నునుపు, ఎదురు రాస్తే గీరుకుంటుంది. "చేపకు ఇన్ని పళ్లు ఎందుకు?" అని మాస్టారు అడిగితే ఆ గంటంతా చేపల మీదే గడిచిపోయింది. తెలుగు వాచకంలో ఆ రోజు చదవాల్సిన పాఠం చదవనే లేదు.

దాని తర్వాతే కాగితం నేత వచ్చింది. పాత క్యాలెండర్ కాగితాలను వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి, సగం పట్టీలను నిలువుగా అతికించి పడుగు అన్నాం, మిగతావి అడ్డంగా దూర్చి పేక అన్నాం. ఒకటి పైన, ఒకటి కింద. మొదటి వరుసలో పేక పట్టీ ఒకటి, మూడు, అయిదు పట్టీల మీదుగా వెళ్తే, రెండో వరుసలో రెండు, నాలుగు, ఆరు మీదుగా వెళ్లాలి. లేకపోతే నేత నిలవదు, పట్టీ ఊడి చేతికొస్తుంది. సరిసంఖ్యలు, బేసిసంఖ్యలు అంటే ఏమిటో మాకు చేతివేళ్లకు ముందు తెలిసింది. నావి ఎప్పుడూ అంచు దగ్గర వంకర పోయేవి. ఆ పిల్ల ఒక్కసారి పేకను గోటితో కిందికి నొక్కి సర్దేది, అంతే, చక్కబడేది.

రంగులు కొనే స్తోమత ఎక్కడిది? పసుపునీళ్లలో ముంచి ఆరబెట్టిన పట్టీల మీద, తమలపాకుల్లోకి వాడే సున్నం నీళ్లలో ముంచిన పుల్లతో గీస్తే ఎర్రటి గీత పడుతుంది. ఇంట్లో పారాణి కలిపేటప్పుడు అందరం చూసిందే. మాస్టారు ఒకడి చేతికి నిమ్మ చెక్క ఇచ్చి ఆ ఎరుపు మీద పిండమన్నారు. ఎరుపు పోయి మళ్లీ పసుపు! ఆ సాయంత్రం ఊళ్లో ఎవరింట్లోనూ నిమ్మకాయ మిగల్లేదు.

వానలు పడ్డాక చెరువు మట్టితో జిల్లా పటం చేయించారు. బోరింగు వెనక ఖాళీ స్థలంలో, మంచం అంత వెడల్పున. వాయవ్యంలో కొండలు, తూర్పున ఇసుక పోసి సముద్రపు ఒడ్డు. నాగావళికి ఒక కాలువ, వంశధారకు ఒక కాలువ పుల్లతో గీశాం. రెండూ ఒడిశాలోని కలహండి కొండల్లోంచే దిగివస్తాయి. ఒకటి శ్రీకాకుళం పట్నం మధ్యగా వచ్చి కల్లేపల్లి దగ్గర, ఇంకొకటి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాయి. అక్కడి వరకు పుస్తకంలో ఉంది. చెంబుతో కొండ మీద నీళ్లు పోశాం. నీళ్లు నాగావళిలోకి పోకుండా తిరిగి మా కాళ్ల మీదికే వచ్చాయి! కొండలు ఎత్తు చాలలేదని ఒకడు, సముద్రం వైపు మట్టి లేచి ఉందని ఒకడు. మట్టి తీసి, మళ్లీ పోసి, అరచేత్తో చదును చేసి, మళ్లీ చెంబు ఎత్తాం. చివరికి నీళ్లు వంపులు తిరుగుతూ ఇసుక దాకా వెళ్లి ఇంకిపోయాయి. మా కేరింతలకు పెద్ద మాస్టారు కూడా కుర్చీ వదిలి వచ్చారు. నది ఎందుకు అటే పారుతుందన్న ప్రశ్న పరీక్షలో ఎప్పుడూ రాలేదు. కానీ ఆ జవాబు ఇప్పుడు నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

మా తాత అది చూడడానికి వచ్చి, కర్రతో చూపిస్తూ "బొబ్బిలి ఏదిరా?" అన్నాడు. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడే దాకా బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు మా జిల్లాలోవే. తాత లెక్కలో ఇంకా ఏ జిల్లా విడిపోలేదు. మాస్టారు నవ్వి, పటానికి పడమట ఇంకొంచెం మట్టి వేయించారు.

అన్నిటికన్నా పెద్ద పని తాటిచెట్లది. మా బడి తూర్పు ముఖం. ఎదురుగా పొలాలు, ఆ చివర గట్టు మీద బారుగా తాటిచెట్లు. ఒక సెప్టెంబరు చివర మాస్టారు మమ్మల్ని అడిగారు: "అరసవల్లిలో స్వామి పాదాల మీద సూర్యకిరణాలు పడేది ఎప్పుడు?" అది జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. మార్చిలో 9, 10, 11 తేదీలు, అక్టోబరులో 1, 2, 3 తేదీలు. మబ్బు లేకపోతేనే సుమండీ. "మరి ఆ రెండు సార్లే ఎందుకు?" అన్నారు. స్వామి మహిమ అన్నాం. "సరే, మహిమ ఎలా నడుస్తుందో చూద్దాం" అని వరండా గట్టు మీద సుద్దతో రెండు పాదాలు గీశారు. పొద్దు పొడిచేటప్పుడు బడికి దగ్గరి ఇళ్ల పిల్లలు వంతులవారీగా ఆ పాదాల గుర్తు మీదే నిలబడి, సూర్యుడు ఏ చెట్టు పక్కన లేచాడో రాయాలి. ఆ గుర్తు మీదే ఎందుకు? మా అందరినీ నిలబెట్టి రెండడుగులు పక్కకు జరగమన్నారు. చెట్టు మారిపోయింది. ఎందుకో వేరే చెప్పనక్కర్లేకపోయింది.

చెట్లకు అంకెలు పెట్టాం. కొన్నిటికి పేర్లు కూడా: గెల చెట్టు, పిడుగు చెట్టు, గీత చెట్టు. అక్టోబరు మొదట్లో సూర్యుడు గెల చెట్టు దగ్గర లేచాడు. అక్కడి నుంచి నాలుగైదు రోజులకో చెట్టు చొప్పున కుడి వైపుకు, అంటే దక్షిణానికి, నడక మొదలుపెట్టాడు. మధ్యలో తుపాను మబ్బులు పట్టిన వారాలకు వారాలు పట్టికలో 'మబ్బు' అనే రాసి ఉంది. నవంబరు ముదిరేసరికి నడక మందగించింది. డిసెంబరులో పిడుగు చెట్టును పట్టుకుని మూడు వారాలు కదలనే లేదు. పిల్లలకు విసుగొచ్చింది. "ఈ రోజు కూడా అక్కడే మాస్టారూ" అని ఫిర్యాదు చేసేవాళ్లు. ఆగాడంటే తిరగబోతున్నాడన్నమాట అని మాకు అప్పుడు తట్టలేదు.

అసలు రగడ సంక్రాంతికి వచ్చింది. మకర సంక్రాంతి నాడే సూర్యుడు ఉత్తరానికి తిరుగుతాడని ఊళ్లో అందరికీ తెలుసు. కానీ పండగ సెలవుల్లో మంచు విడిచిన ఒక పొద్దున చూస్తే, సూర్యుడు పిడుగు చెట్టును వదిలి అప్పటికే ఒక చెట్టు ఎడమకు వచ్చేశాడు! మా పట్టిక ప్రకారం తిరుగుడు డిసెంబరు ఆఖరులోనే జరిగిపోయింది. తాతను అడిగితే "పంచాంగం తప్పా, మీ తాటిచెట్టు తప్పా?" అని కేకలేశాడు. మాస్టారిని అడిగాం. ఆయన ఎవరి పక్షమూ పట్టలేదు. "తాతగారు చెప్పింది ఒక గడిలో రాయండి, చెట్టు చెప్పింది పక్క గడిలో రాయండి" అన్నారు. సుమారు 1700 ఏళ్ల కిందట ఆ రెండూ ఒకే సమయానికి వచ్చేవని, భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకోవడం వల్ల ఇప్పుడు మూడు వారాల పైబడిన తేడా వచ్చిందని నేను తెలుసుకున్నది కాలేజీలో. తాతా ఒకప్పటికి నిజమే, తాటిచెట్టూ ఇప్పటికి నిజమే. ఆ సంగతి తాతకు చెప్పి చూశాను. "అయితే మేము ముందు చెప్పినదే కదా" అన్నాడు. ఏం చెప్పగలం?

మార్చి వచ్చింది. చెట్టు చెట్టూ దాటుకుంటూ సూర్యుడు గెల చెట్టుకు వచ్చిన రోజున తేదీ చూస్తే తొమ్మిదో పదో. గోడ క్యాలెండర్ దించి, చింతపిక్కలు పోసి రోజులు లెక్కపెట్టాం. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21కి ఎనభై. డిసెంబరు 21 నుంచి మార్చి 10కి డెబ్బై తొమ్మిది. వెళ్లడానికి ఎన్ని రోజులో రావడానికీ అన్ని రోజులే. దారి ఒకటే కాబట్టి అదే చెట్టు దగ్గరికి రెండు సార్లు వస్తాడు. గుడి కట్టినవాళ్లు తూర్పు వాకిలిని సరిగ్గా ఆ దిక్కుకు పెట్టారు. మహిమ ఏమీ తగ్గలేదు. నిజానికి ఆ కట్టినవాళ్ల మీద గౌరవం పెరిగింది. రథసప్తమికి అమ్మతో అరసవల్లి వెళ్లినప్పుడు నేను దేవుణ్ణి చూసింది తక్కువ, వాకిలి ఎటు ఉందో చూసింది ఎక్కువ.

ఊళ్లో అందరూ మెచ్చుకున్నారనుకోకండి. "బడికి పంపితే మట్టి తొక్కిస్తున్నారు" అని బట్టలు ఉతికే అమ్మలందరి ఫిర్యాదు. "తెల్లారకుండా పిల్లలను లేపి చెట్లు లెక్కపెట్టించడం ఏం చదువు?" అని కొందరు. మా మామ్మ నేరుగా బడికే వచ్చి "మాస్టారూ, పిల్లలకు ఎక్కాలు రావడం లేదు" అని నిలదీసింది. మర్నాటి నుంచి గంట కొట్టగానే మమ్మల్ని వరండాలో వీధి వైపు తిప్పి నిలబెట్టి, గొంతు చించుకుని ఎక్కాలు చెప్పించేవారు. "ఇంకా గట్టిగా, రామకోవెల దాకా వినబడాలి" అనేవారు. వారం తిరిగేసరికి ఊరు శాంతించింది. ఎక్కాలూ వచ్చాయి, అదీ నిజమే. పిక్కలతో ఎన్ని ఆడినా పదమూడో ఎక్కం కంఠతా పట్టక తప్పలేదు.

మేము హైస్కూలుకు వెళ్లాక మాస్టారికి బదిలీ అయింది. ఆ తర్వాత డీపెప్ రోజులు వచ్చాయి, అంటే జిల్లా ప్రాథమిక విద్యా పథకం. బోధనాభ్యసన సామగ్రి కోసం ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి 500 రూపాయలు ఇచ్చేవారు. మంచి మాటే. ఆ డబ్బుతో చాలా గదుల్లోకి అచ్చు చార్టులు, థర్మోకోల్ బొమ్మలు వచ్చాయి. వాటి మీద దుమ్ము పడకుండా ప్లాస్టిక్ తొడుగు కూడా వేశారు. ముట్టుకోకూడదు. ట్రంకు పెట్టె గోడెక్కిందన్నమాట!

ఈ మధ్య విజయనగరంలో ఉండే మా అప్ప మనవరాలికి బడిలో ప్రాజెక్టు ఇచ్చారు, సౌరకుటుంబం. కోట దగ్గరి స్టేషనరీ దుకాణంలో సిద్ధంగా దొరుకుతోంది, రంగులు వేసిన బంతులు, తీగలతో సహా. రాత్రి తొమ్మిదింటికి వాళ్ల నాన్న వెళ్లి కొనుక్కొచ్చాడు, పొద్దున పిల్ల మోసుకెళ్లింది, మార్కులు పడ్డాయి. పిల్లను తప్పుపట్టలేను, తండ్రినీ తప్పుపట్టలేను. మర్నాటికి కావాలంటే సూర్యుడు చెట్టు మారడు కదా.

వడికే ఇంటి పిల్ల, అదే, ఇప్పుడు నడివయసు మనిషి, శ్రీకాకుళం పట్నంలో అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తోంది. మొన్న వెళ్లి కాసేపు కూర్చున్నాను. మూడేళ్ల పిల్లలకు చింతపిక్కలు ఇవ్వదు. నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారని భయం. వాళ్లకు కొబ్బరి చిప్పలు, పెద్ద డబ్బాల మూతలు, తాటాకు గిలకలు. మూతలను పెద్దవి, చిన్నవి వేరుచేయమని కుప్ప పోసి, తను పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతోంది. ఒక బుడతడు మూతలను పరిమాణం చూసి కాకుండా రంగు చూసి వేరుచేశాడు. ఆయా దిద్దబోతే చేయి అడ్డం పెట్టి ఆపింది. "ఎందుకలా పెట్టావు నాన్నా?" అని వాణ్ణి అడిగింది. వాడు చెప్పాడు, చాలాసేపు చెప్పాడు. సగం నాకు అర్థం కాలేదు. ఆమె మాత్రం కత్తి పక్కన పెట్టి మొత్తం విన్నది.

అయిదేళ్లవాళ్లకు పిక్కలు కావాలట. పట్నంలో అందరూ పిక్క తీసిన చింతపండే కొంటున్నారు, ఎక్కడా దొరకడం లేదంది. ఈ వేసవికి ఊరి నుంచి ఒక సంచి పంపిస్తానన్నాను. "కడిగి, ఎండబెట్టి పంపు, పుచ్చువి ఏరెయ్యి" అని బస్సెక్కేటప్పుడు కూడా గుర్తుచేసింది.